మేనేజ్డ్ స్విచ్: విశాఖ వ్యాపారాల్లో ఎవరికి అవసరం, ఎంతవరకు

ఆఫీసులో ట్యాలీ హ్యాంగ్ అయిందంటే మొదటి ఫోన్ ఇంటర్నెట్ కంపెనీకే వెళ్తుంది. చాలా చోట్ల ట్యాలీ డేటా ఉండేది ఆ ఆఫీసులోనే, లోపలి గదిలోని కంప్యూటర్లో. దానికీ బయటి నెట్‌కీ సంబంధమే లేదు. బిల్లు కొట్టే టేబుల్ నుంచి ఆ కంప్యూటర్ దాకా ఉన్నవి నాలుగు గోడల మధ్య నడిచే కేబుళ్లు, వాటి నడుమ ఒక స్విచ్, అంటే ఆ కేబుళ్లన్నిటినీ కలిపే పెట్టె. ఆ స్విచ్‌కి నోరు లేకపోతే తప్పెక్కడుందో ఎవరూ చెప్పలేరు. మెయింటెనెన్స్ కుర్రాడు వస్తాడు, అన్నీ ఒకసారి ఆపి ఆన్ చేస్తాడు. కాసేపు బాగానే ఉంటుంది, సాయంత్రానికి కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఎనిమిది పోర్టుల (కేబుల్ తగిలించే సాకెట్ల) మామూలు గిగాబిట్ స్విచ్, అంటే సెకనుకు 1000 మెగాబిట్ల వేగం ఉన్నది, రెండు వేల లోపే దొరుకుతుంది. కరెంటు ఇస్తే చాలు, పనిలో పడిపోతుంది. ఏ పోర్టు వెనక ఏ యంత్రం ఉందో మ్యాక్ అడ్రస్ అనే యంత్రపు గుర్తింపు సంఖ్యను బట్టి తనంతట తానే నేర్చుకుని, ఎవరి డేటా వాళ్లకి పంపిస్తుంది. ఆ పని నిక్కచ్చిగానే చేస్తుంది, దాన్ని చులకన చేయక్కర్లేదు. లోపలి లెక్కలు చూడటానికి, సెట్టింగులు మార్చడానికి వీలున్న మేనేజ్డ్ స్విచ్ చేసేదీ అదే పని, అదే వేగంతో. గిగాబిట్ పోర్టు ఎక్కడైనా గిగాబిట్టే. "మేనేజ్డ్ పెట్టిస్తే నెట్ స్పీడ్ పెరుగుతుంది సార్" అని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు.

అదనంగా పెట్టే డబ్బుకి దక్కేవి వేరే ఉన్నాయి. లోపల ఏం జరుగుతోందో కనబడుతుంది. ఒక విభాగం డేటా ఇంకో విభాగం వైపు పోకుండా విడదీయొచ్చు. ఒక పోర్టులో జరిగిన తప్పు ఆఫీసంతా పాకకుండా అక్కడే ఆపొచ్చు. అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పేది విడదీయడం గురించి. వ్యాపారికి రోజువారీగా డబ్బూ టైమూ మిగిల్చేది మాత్రం ఆ కనబడటమే.

విశాఖ పేరు చెబితే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్. అక్కడ వాడే స్విచ్‌ల లోకం వేరు. ఈ వ్యాసం డాబాగార్డెన్స్‌లో షోరూములు, ద్వారకానగర్‌లో క్లినిక్‌లు, ఓడరేవు చుట్టుపక్కల కస్టమ్స్ బ్రోకర్ల ఆఫీసులు, గాజువాక ఆటోనగర్ వర్క్‌షాపులు నడిపేవాళ్ల కోసం.

పోర్టుల లెక్క, సముద్రపు గాలి

కేబుల్లో డేటా ఈథర్నెట్ ఫ్రేములు అనే చిన్న మూటలుగా వెళ్తుంది. ప్రతి ఫ్రేము చివర నాలుగు బైట్ల సరిచూపు సంఖ్య ఒకటి ఉంటుంది. ఫ్రేము అందుకున్న స్విచ్ ఆ లెక్క మళ్లీ వేసి చూస్తుంది. తేడా వస్తే ఫ్రేమును పారేసి సీఆర్‌సీ ఎర్రర్ కింద ఒక అంకె పెంచుకుంటుంది. పోయిన దాన్ని పంపిన కంప్యూటరే మళ్లీ పంపాలి. అందుకే పని పూర్తిగా ఆగదు, నత్తనడక నడుస్తుంది. మామూలు స్విచ్ కూడా పాడైన ఫ్రేములను పారేస్తుంది కానీ ఎన్ని పారేసిందో చెప్పలేదు. మేనేజ్డ్ స్విచ్‌లో ఒక్కో పోర్టుకీ ఒక్కో కరెంటు మీటరు బిగించినట్టు లెక్క నడుస్తూనే ఉంటుంది.

సముద్రం పక్కన ఉన్న ఊళ్లో ఈ లెక్క విలువ ఇంకాస్త ఎక్కువ. కేబుల్ చివర బిగించే ఆర్‌జే45 ప్లగ్గులో ఎనిమిది పిన్నులు, వాటి మీద పలచటి బంగారు పూత ఉంటాయి. చవక ప్లగ్గుల్లో ఆ పూత పేరుకే. ఫిషింగ్ హార్బర్ వైపు, బీచ్ రోడ్డు వెంట, ఓడరేవు ఏరియాలో ఏసీ లేని గదుల్లో ఉప్పు గాలి, తేమ కలిసి ఆ పిన్నులను తినేస్తాయి. రొయ్యలు ప్రాసెస్ చేసే ప్లాంట్లలో పరిస్థితి మరీ కష్టం. నేల రోజంతా కడుగుతూనే ఉంటారు, కోల్డ్ స్టోరేజీ తలుపు తెరిచిన ప్రతిసారీ చల్లటి చోటికి తేమ గాలి తగిలి నీరు పడుతుంది. పిన్ను పూర్తిగా తెగిపోతే ఎవరైనా కనిపెడతారు. సగం పాడైనప్పుడే టెన్షన్ అంతా. స్విచ్ పోర్టు దగ్గర లైటు వెలుగుతూనే ఉంటుంది, కనెక్షన్ ఉన్నట్టే కనబడుతుంది.

అలాంటి చోట స్విచ్ పేజీ బ్రౌజర్లో తెరిస్తే పోర్టుల పట్టిక వస్తుంది. 24 వరసల్లో దాదాపు అన్నిటి పక్కనా సున్నా ఉండి, ఒకదాని పక్కన మాత్రం లక్షల్లో అంకె కనిపించిందంటే వెతుకులాట అక్కడికి అయిపోయినట్టే. ఆ పోర్టుకి తగిలించిన చిన్న కేబుల్ (ప్యాచ్ కార్డ్) మార్చి, లెక్క సున్నా చేసి, గంట తర్వాత మళ్లీ చూడాలి. అంకె కదలకపోతే తప్పు ఆ ప్యాచ్ కార్డ్‌దే. మళ్లీ పెరుగుతుంటే గోడలో నడిచే కేబుల్, అవతలి కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డు చూడాలి. చాలా మోడళ్లలో కేబుల్ టెస్ట్ కూడా ఉంటుంది. కేబుల్లోకి ఒక సిగ్నల్ పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఏ తీగల జత తెగిందో, సుమారుగా ఎన్ని మీటర్ల దూరంలో తెగిందో చెప్పేస్తుంది. ఫాల్స్ సీలింగ్ ఎక్కడ విప్పాలో తెలియడం చిన్న సాయమేం కాదు.

ఈ పట్టికలో బయటపడే జబ్బు ఇంకొకటుంది. గిగాబిట్‌కి కేబుల్లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు చాలు. మిగతా రెండు జతల్లో ఒకటి పోగానే చాలా పరికరాలు ఎవరికీ చెప్పకుండా 100కి దిగిపోతాయి. సర్వర్ పోర్టులో ఇలా జరిగితే ఆఫీసు మొత్తం పదో వంతు దారిలో ఇరుక్కుని నడుస్తుంది. మేనేజ్డ్ స్విచ్ పేజీలో ఆ పోర్టు ఎదుట 1000 ఉండాల్సిన చోట 100 అని కనబడుతుంది.

రోజూ పేజీ తెరిచి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే 1988 నాటి నుంచి ఎస్‌ఎన్‌ఎంపీ అనే పద్ధతి ఉంది. జాబిక్స్, లిబ్రేఎన్‌ఎంఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పాత కంప్యూటర్లో వేసినా చాలు, స్విచ్‌ని కొన్ని నిమిషాలకోసారి అడిగి గ్రాఫులు గీస్తుంది, అంకె హద్దు దాటితే మెయిల్ పంపుతుంది. వాడితే పాస్‌వర్డూ ఎన్‌క్రిప్షనూ ఉన్న మూడో వెర్షనే వాడాలి. పాత వెర్షన్లలో రహస్య పదం కేబుల్లో బహిరంగంగా పోతుంది.

ఒక్క కేబుల్ ఆఫీసంతా ఆపేస్తే

ఈథర్నెట్ ఫ్రేముకు ఆయుష్షు అంటూ లేదు. ఇంటర్నెట్ ప్యాకెట్ అయితే ఒక్కో రౌటర్ దాటేకొద్దీ దానిలోని ఆయుష్షు అంకె తగ్గి చివరికి చస్తుంది. ఈథర్నెట్ ఫ్రేము దారి గుండ్రంగా ఉంటే తిరుగుతూనే ఉంటుంది. టేబుల్ కింద ఊడిన కేబుల్ కొస కనబడితే దాన్ని ఎవరో మంచి ఉద్దేశంతోనే గోడ సాకెట్లో పెడతారు. రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉంటే అందరికీ వెళ్లే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము ఒకటి బయల్దేరి రెండు వైపులా తిరుగుతూనే ఉంటుంది, వెనక వచ్చేవీ దానికి తోడవుతాయి. గిగాబిట్ లింకులో సెకనుకు గరిష్ఠంగా 14.88 లక్షల చిన్న ఫ్రేములు పడతాయి. క్షణాల్లో లింకు వాటితోనే నిండిపోతుంది. స్విచ్ లైట్లన్నీ ఒకేసారి పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటాయి. బిల్లింగ్, ప్రింటర్, ఐపీ ఫోన్లు అన్నీ ఆగిపోతాయి. మామూలు స్విచ్‌లున్న ఆఫీసులో విరుగుడు ఒక్కటే: కేబుళ్లు ఒక్కొక్కటీ పీకి చూడటం. కస్టమ్స్ ఫైలింగ్‌కి గడువు దగ్గరపడిన సాయంత్రం బ్రోకర్ ఆఫీసులో ఇది జరిగితే వచ్చే నష్టానికి స్విచ్ ధరతో పోలికే ఉండదు.

దీనికి మందు పాతదే. 1985లో డీఈసీ అనే కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ అనే పద్ధతి రాశారు. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని గుండ్రటి దారి ఎక్కడుందో కనిపెట్టి, అందులో ఒక పోర్టుని మూసేస్తాయి. వాడుతున్న దారి తెగితే మూసిన పోర్టుని తెరుస్తాయి. మొదటి రూపంలో ఈ మార్పుకి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. 2001లో వచ్చిన ర్యాపిడ్ రూపంలో సాధారణంగా కొద్ది సెకన్లు, చాలాసార్లు అంతకన్నా తక్కువ. ఇక్కడ ఒక్క జాగ్రత్త కావాలి. స్విచ్‌లలో పెద్దన్న ఎవరో మనం చెప్పకపోతే అన్నిటి ప్రయారిటీ 32768గానే ఉంటుంది, అప్పుడు చిన్న మ్యాక్ అడ్రస్ ఉన్నది గెలుస్తుంది. అది తరచూ మూలన పడి ఉన్న పాత స్విచ్చే అవుతుంది, ఆఫీసు రాకపోకలన్నీ దాని మీదుగా నడుస్తాయి. సర్వర్ ఉన్న స్విచ్‌కి ప్రయారిటీ అంకె తగ్గించడం రెండు నిమిషాల పని.

ఈ గుండ్రటి దారికి (లూప్‌కి) ఏమాత్రం తీసిపోని ఆఫీసు జబ్బు ఇంటి వైఫై రౌటర్. మూల గదిలో సిగ్నల్ అందట్లేదని ఎవరో ఇంట్లో పడున్న రౌటర్ తెచ్చి, బయటి లైను కోసం ఉన్న వ్యాన్ (WAN) పోర్టులో పెట్టాల్సిన కేబుల్‌ని లోపలి కంప్యూటర్ల కోసం ఉన్న లాన్ (LAN) పోర్టులో పెడతారు. అది వెంటనే ఆఫీసులో ఉన్నవాళ్లకి తన సొంత నెట్‌వర్క్ అడ్రసులు పంచడం మొదలెడుతుంది. అప్పటికే ఆన్‌లో ఉన్న కంప్యూటర్లు బాగానే ఉంటాయి, పొద్దున కొత్తగా ఆన్ చేసినవాటిలో కొన్నిటికి నెట్ రాదు. ఒకరికి వస్తోంది, పక్కవాళ్లకి రావట్లేదు అన్న ఫిర్యాదు వింటే మొదట అనుమానించాల్సింది దీన్నే. మేనేజ్డ్ స్విచ్‌లో అడ్రసులు పంచేదెవరో కనిపెట్టే డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేసి, అసలు రౌటర్ ఉన్న పోర్టుని మాత్రమే నమ్మమని చెబితే మిగతా పోర్టుల నుంచి వచ్చే అడ్రసుల పంపకాన్ని స్విచ్చే తొక్కిపెడుతుంది.

విడదీయడం

ఒకే స్విచ్ మీద నెట్‌వర్కులను విడదీసే వీలాన్ పద్ధతి గురించి అందరూ చెప్తారు కాబట్టి ముఖ్యమైనంత వరకే. దాని 802.1క్యూ ప్రమాణం ఫ్రేముకి నాలుగు బైట్ల ట్యాగు తగిలిస్తుంది. అందులోని 12 బిట్లతో 4094 వేర్వేరు నెట్‌వర్కులను ఒకే కేబుల్ మీద నడపొచ్చు. చిన్న వ్యాపారానికి నాలుగు సరిపోతాయి. బీచ్ రోడ్డు హోటల్నే తీసుకుంటే, గెస్టుల వైఫై ఒకటి, బిల్లింగ్ ఒకటి, సీసీ కెమెరాలు ఒకటి, ఫోన్లు ఒకటి. గదిలో దిగిన అతిథి ల్యాప్‌టాప్‌లో వైరస్ ఉంటే అది హోటల్ లెక్కల కంప్యూటర్ తలుపు తట్టకుండా ఉండాలంటే ఈ విభజన కావాలి.

కెమెరాలను వేరు చేయడానికి ఇంకో కారణం ఉంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలు, డీవీఆర్‌లలో (కెమెరా రికార్డర్లలో) లక్షల కొద్దీ దూరి, వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కూలదోసింది. మన ఊళ్లో బిగించిన తర్వాత పాస్‌వర్డు మార్చని డీవీఆర్‌లకు ఏమీ కొదవ లేదు. అవి దొంగలను పట్టడానికి పెట్టినవి, తీరా చూస్తే దొంగలకి తలుపు అవే.

అయితే వీలాన్లు పెట్టగానే గోడ కట్టేసినట్టు అనుకోకూడదు. వాటి మధ్య రౌటర్ ఉంటుంది. ఏ వీలాన్ నుంచి ఏ వీలాన్‌కి ఏం పోవచ్చో ఆ రౌటర్‌లోనో ఫైర్‌వాల్‌లోనో రూల్స్ రాయకపోతే అది అన్నిటినీ హాయిగా కలిపేస్తుంది. వీలాన్లు వేసి రూల్స్ రాయకుండా బిల్లు పెట్టేవాళ్లు ఉన్నారు. పరీక్ష తేలిక: గెస్ట్ వైఫైలో ఫోన్ కలిపి ప్రింటర్ పేజీ తెరిచి చూడాలి. తెరుచుకుంటే పని సగమే అయినట్టు.

కాల్స్ తెగకుండా ముందు వరస ఇచ్చే క్యూఓఎస్‌కి కూడా ఇలాంటి పరిమితే ఉంది. ఆఫీసు లోపలి రద్దీలో ఫోన్ మాటలను అది ముందుకు తోస్తుంది. బయటి ఇంటర్నెట్ లైనే ఇరుకైతే స్విచ్ చేయగలిగింది ఏమీ లేదు, ఆ పని రౌటర్ చూసుకోవాలి.

కేబుల్లోనే కరెంటు

కెమెరాలు, వైఫై యాక్సెస్ పాయింట్లు ఉన్న చోట అందరికన్నా ముందు మెచ్చుకునేది పీఓఈని. డేటా కేబుల్లోనే కరెంటు వెళ్తుంది, స్తంభం మీద వేరే ప్లగ్గు పాయింటు అక్కర్లేదు. 2003 నాటి ప్రమాణంలో స్విచ్ ఒక పోర్టుకి 15.4 వాట్లు ఇస్తుంది, కేబుల్లో పోయింది పోగా పరికరానికి 12.95 వాట్లు ఖాయం. 2009లో అది 30 వాట్లకు, 2018లో 90 వాట్ల దాకా పెరిగింది. కొనేటప్పుడు పోర్టుల సంఖ్య కన్నా ముందు చూడాల్సింది మొత్తం వాట్ల బడ్జెట్. 24 పోర్టుల స్విచ్‌ల మీద తరచూ 370 వాట్లు అని కనిపిస్తుంది. పోర్టుకి 15.4 చొప్పున లెక్కేస్తే సరిగ్గా 24కీ సరిపోతుంది. 30 వాట్ల పరికరాలైతే పన్నెండుకే అయిపోతుంది. పదమూడోది తగిలించినప్పుడు ఏది ఆరిపోవాలో పోర్టు ప్రయారిటీలో ముందే చెప్పి ఉంచొచ్చు.

అసలు సుఖం వేరే ఉంది. గేటు దగ్గర స్తంభం మీది కెమెరా అర్ధరాత్రి బిగుసుకుపోతే నిచ్చెన తేవక్కర్లేదు. స్విచ్ పేజీలో ఆ పోర్టు కరెంటు ఆపి, మళ్లీ ఇస్తే కెమెరా రీస్టార్ట్ అవుతుంది, ఆ పని ఇంట్లో కూర్చుని కూడా చేయొచ్చు. ర్యాక్‌లో ఒక యూపీఎస్ ఉంటే కరెంటు పోయినా కెమెరాలు, ఫోన్లు, వైఫై కలిసి నిలబడతాయి.

ఇందులో డబ్బు మిగల్చబోయి చేతులు కాల్చుకునేది కేబుల్ దగ్గర. అల్యూమినియం తీగకి రాగి పూత పూసిన సీసీఏ కేబుల్ చవకగా దొరుకుతుంది. దాని నిరోధం ఎక్కువ, కరెంటు మోస్తే వేడెక్కుతుంది, దూరం పెరిగితే కెమెరాకి వోల్టేజీ చాలదు. మంచి స్విచ్‌కి సీసీఏ కేబుల్ తగిలించడం దండగ ఖర్చు.

ఫ్యాక్టరీలు, తుపాన్లు

పరవాడ ఫార్మా సిటీలోనో అచ్యుతాపురంలోనో షెడ్డుకీ షెడ్డుకీ మధ్య దూరం రాగి కేబుల్‌కి ఉన్న 100 మీటర్ల హద్దు తేలిగ్గా దాటేస్తుంది. అక్కడ ఫైబర్ తగిలించే ఎస్‌ఎఫ్‌పీ పోర్టులున్న స్విచ్, ఫైబర్ తప్పవు. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి ఒక భవనం దగ్గర పిడుగు పడితే ఆ దెబ్బ కేబుల్ వెంట రెండో భవనంలోని స్విచ్‌లకి చేరదు. యంత్రాలను నడిపే కంట్రోలర్లు (పీఎల్‌సీలు) ఉన్న చోట ఆఫీసు స్విచ్ పనికిరాదు. ప్యానెల్లో పట్టీకి బిగించే, ఫ్యాన్ లేని ఇండస్ట్రియల్ రకం కావాలి, ఉప్పు గాలి తగిలే చోట సర్క్యూట్ బోర్డుకి రక్షణ పూత ఉన్నది అడగాలి. వాటిని రింగుగా కలిపి ఈఆర్‌పీఎస్ అనే సదుపాయం ఆన్ చేయొచ్చు, ఒక చోట ఫైబర్ తెగినా 50 మిల్లీసెకన్లలో దారి మారేలా దాన్ని రూపొందించారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక ఈ ఊరు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. నీళ్లలో తడిసిన స్విచ్‌ని ఏ ఫీచరూ కాపాడలేదు. మేనేజ్డ్ స్విచ్ సెట్టింగులన్నీ ఒక చిన్న ఫైలుగా బయటికి తీసుకోవచ్చు. ఆ ఫైలు వేరే ఊళ్లోనో క్లౌడ్‌లోనో ఉంటే అదే మోడల్ కొత్త స్విచ్‌లోకి ఎక్కించి అరగంటలో నెట్‌వర్క్ నిలబెట్టొచ్చు. అదే ర్యాక్ కింద ఉన్న కంప్యూటర్లో దాచితే స్విచ్‌తో పాటే అదీ పోతుంది.

ఎవరికి వద్దు

అయిదారు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, రెండు కెమెరాలున్న షాపుకి ఇది అనవసరం. ఇరవై దాటాక, లేదా కెమెరాలు, బిల్లింగ్, బయటివాళ్ల వైఫై ఒకే చోట కలిసినప్పుడు ఆలోచించాలి. అప్పుడైనా అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు. సర్వర్, ఇంటర్నెట్, కెమెరాల రికార్డర్ కలిసే మధ్య స్విచ్ ఒక్కటి మారిస్తే సగం లాభం వచ్చేస్తుంది. వెబ్ పేజీతో సెట్ చేసుకునే స్మార్ట్ స్విచ్ రకం చిన్న ఆఫీసుకి చాలు. వీలాన్, లూప్ రక్షణ, పోర్టు లెక్కలు అందులోనూ ఉంటాయి. కంపెనీ సర్వర్ ద్వారా ఇంటర్నెట్‌లో నడిపే క్లౌడ్ రకం కొనే ముందు లైసెన్స్ గడువు అయిపోతే ఏమవుతుందో రాతపూర్వకంగా అడగాలి.

మేనేజ్డ్ స్విచ్ కూడా ఒక కంప్యూటరే, దానికీ లోపాలుంటాయి. 2018 ఏప్రిల్‌లో సిస్కో కంపెనీ స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే సదుపాయాన్ని బయటికి తెరిచి ఉంచిన స్విచ్‌ల మీద హ్యాకర్లు పడి ఇరాన్, రష్యాల్లో సెట్టింగులు చెరిపేశారు. పెట్టెలోంచి తీసి ర్యాక్‌లో పెట్టి, అడ్మిన్ పాస్‌వర్డు మార్చకుండా వదిలేస్తే మామూలు స్విచ్ కన్నా అదే ప్రమాదం. వాడని సదుపాయాలు ఆపాలి, ఏడాదికి రెండుసార్లైనా ఫర్మ్‌వేర్ (స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు చూసుకోవాలి.

చట్టం వైపు నుంచి కూడా ఒక లెక్క ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు సైబర్ ఘటనలను గమనించిన 6 గంటల్లో ఆ సంస్థకి తెలియజేయాలి, లాగ్‌లు (ఎప్పుడేం జరిగిందో యంత్రాలు రాసుకునే చిట్టాలు) 180 రోజులు దాచాలి, యంత్రాల గడియారాలు ప్రామాణిక సమయంతో కలిసి ఉండాలి. స్విచ్ తనలో దాచుకునే లాగ్ చిన్నది, చాలా మోడళ్లలో రీస్టార్ట్ అయితే చెరిగిపోతుంది. కాబట్టి సిస్‌లాగ్ అనే పద్ధతి ద్వారా వేరే కంప్యూటర్‌కి పంపించాలి. టైమ్ సెట్ చేయని స్విచ్ లాగ్‌లో తేదీలు ఏ పాత సంవత్సరానివో కనబడతాయి, విచారణకి అవి పనికిరావు.

పేచీ ఎక్కువగా వచ్చేది ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) దగ్గర. స్విచ్ పాస్‌వర్డు మెయింటెనెన్స్ వాళ్ల దగ్గరే ఉండి, ఏడాది తర్వాత వాళ్లతో పొసగకపోతే స్విచ్‌ని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, మొత్తం మళ్లీ మొదటి నుంచి సెట్ చేయాల్సి వస్తుంది. అందుకే డబ్బు చెల్లించే ముందే పాస్‌వర్డు సీల్డ్ కవర్లో, సెట్టింగుల ఫైలు పెన్‌డ్రైవ్‌లో, ఏ పోర్టు ఏ టేబుల్‌కి వెళ్తుందో రాసిన కాగితం ఓనర్ చేతికి రావాలి.

పెద్ద కంపెనీలు తీసేసిన సెకండ్ హ్యాండ్ స్విచ్‌లు తక్కువకి వస్తున్నాయని కొందరు మొగ్గుతున్నారు. ఫీచర్లలో వాటికి వంక పెట్టలేం. కానీ చాలావాటికి కంపెనీ అప్‌డేట్లు ఆగిపోయి ఉంటాయి. చాలావరకు సర్వర్ గదుల కోసం చేసినవి కావడంతో కరెంటు ఎక్కువ తాగుతాయి, ఫ్యాన్ల మోతకి పక్క టేబుల్లో ఫోన్ మాట్లాడటం కష్టం. వేరే గది, అందులో ఏసీ ఉంటేనే వాటి జోలికి వెళ్లాలి.